ఆపరేషన్ గోగునార

భానుప్రసాద్‌ను చంపినవాళ్లు పని తెలిసినవాళ్లు.

శవం నిజాంసాగర్ కాలువలో, బోధన్‌కు అవతల ఒక తూము దగ్గర తేలింది. చెరకుకు నీళ్లు మళ్లించుకుందామని వచ్చిన రైతు, చెత్త అడ్డం పడిందనుకుని కట్టెతో తోశాడు. చెత్త ఒత్తిగిల్లింది. దానికి ముఖం ఉంది.

మెడ విరిగి ఉంది. నీళ్లలో పడ్డాక విరిగింది కాదు. తాగి పడ్డాడని ఊళ్లో అనుకున్నారు. భానుప్రసాద్ జన్మలో తాగి ఎరగడు. ఆ సంగతి తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో కూర్చుని ఉన్నారు.

"చనిపోయే ముందు ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్ వెంకట్రావు. "విను."

బటన్ నొక్కాడు. గాలి చప్పుడు. పరుగెత్తే మనిషి రొప్పు. ఆ తర్వాత గొంతు: "సార్, డ్రమ్ములు మార్చిండ్రు. నూనె డ్రమ్ములు..."

అక్కడితో తెగిపోయింది.

ఎదురుగా కూర్చున్న మనిషి పేరు రామ్‌దాస్. యాభై దాటినవాడు. బస్సులో పక్కన కూర్చుంటే దిగాక గుర్తుండని ముఖం. శాఖలో అతని విలువంతా ఆ ముఖానిదే.

"బోధన్ దగ్గర ఒక షెడ్డుంది," అన్నాడు చీఫ్. "బయట గోగునార చాపల కేంద్రం అని రాసి ఉంటుంది. లోపల చేసేది చాపలు కాదు. నారకు ఆముదం పట్టించి, ఆముదంతోనే చేసిన రెసిన్ కలిపి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. పలక తయారవుతుంది. కంపోజిట్. రేకుకంటే తేలిక. రాడార్ దాన్ని పట్టుకోలేదు. మన డ్రోన్లకు ఇకముందు ఒళ్లంతా అదే."

"ఇప్పటిదాకా?"

"కార్బన్ ఫైబర్. బయటి దేశాల నుంచి కొంటున్నాం. అమ్మేవాళ్లు ఊరుకుంటారా? హెరాన్‌ను దించారు."

హెరాన్ అంటే ఏమిటో రామ్‌దాస్‌కు చెప్పనక్కర్లేదు. కిరాయి ముఠా. దేశం లేదు, జెండా లేదు. ఎవడు పిలిస్తే వాడి పని.

"ఫార్ములా ఎత్తుకుపోతారా సార్?"

"ఎత్తుకుపోవడానికేముంది? ఆముదం, గోగునార ఏ సంతలోనైనా దొరుకుతాయి. వాళ్లకు కావలసింది భయం. పలకను పరీక్షించే ట్రయల్ రోజున, రక్షణ శాఖ బృందం లోపలుండగా షెడ్డు పేలిపోవాలి. ఆ తర్వాత ఈ దేశంలో నార పేరెత్తడానికి ఎవడికీ ధైర్యం చాలదు." చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. "పనిచేసేవాళ్లు. అందరూ ఆడవాళ్లే."

షెడ్డు ముందు వరుసగా నిలబడ్డ ఆడవాళ్లు. రెండో వరుసలో ఒకామె మాత్రం కెమెరాను తిట్టబోతున్నట్టు చూస్తోంది. రామ్‌దాస్ ఫొటో తిరిగి ఇచ్చేశాడు.

"ఇంకెవర్నైనా పంపండి సార్. మా అక్క ఉంది అందులో."

"తెలుసు. అందుకే నువ్వు. మస్కట్‌లో ఉన్నావని ఊరంతా అనుకుంటోంది కదా? మస్కట్ నుంచి వచ్చేశావు. భానుప్రసాద్ చేసిన స్టోర్ సూపర్‌వైజర్ పని ఖాళీగా ఉంది. ఇంతకన్నా నమ్మదగిన కథ మేం అల్లలేం."

అది నిజమే. అతని ఊరు కమ్మర్‌పల్లిలో ఇంటికొకడు గల్ఫ్‌లో ఉంటాడు. ఎన్నాళ్లు కనబడకపోయినా ఎవరూ అనుమానించరు. రామ్‌దాస్ ఆ గుంపులో కలిసిపోయి బతికాడు. అతని భార్య లత మంచం పట్టినప్పుడు అతను వేరే దేశపు జైల్లో, వేరే పేరుతో ఉన్నాడు. లతకు అన్నం పెట్టింది, ఒళ్లు తుడిచింది, చివరికి కట్టెలు పేర్పించింది అక్క ఈరవ్వే. తోడబుట్టినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. తమ్ముడితో మాట మానేసింది కూడా అప్పుడే.

"అక్కడ మనకో సోర్స్ ఉంది," అన్నాడు చీఫ్. "హెరాన్ లోపలి మనిషి, మనకు పనిచేస్తోంది. కోడ్ నేమ్ మందారం. నిజామాబాద్‌లో కలుస్తుంది."

* * *

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్పలు. గాలంతా పసుపు. హమాలీల కనురెప్పలు, తక్కెడలు, తుమ్మే కుక్క ముక్కు, అన్నీ ఒకే రంగు. ఒక మూల మరాఠీలో బేరం, ఇంకో మూల తెలుగులో తిట్లు.

రామ్‌దాస్ జుట్టుకు గోరింటాకు పెట్టాడు. మెరిసే గడియారం, ముక్కు పగిలే అత్తరు, ఇంకా ఉతుకు పడని కొత్త చొక్కా. ఎవడు చూసినా మస్కట్ వాపస్ అనాలి.

కుప్పల మధ్య ఒక ఆడమనిషి నిలబడి ఉంది. లేత ఆకుపచ్చ పట్టుచీర, నల్లద్దాలు. అంత పసుపులో ఆమె మీద ఒక్క మచ్చ లేదు. హమాలీలు బస్తా మోసుకుంటూ మెడ తిప్పి చూసి ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటున్నారు.

"ఈసారి కొమ్ము ఎట్లుంది మేడం?" అన్నాడు రామ్‌దాస్.

"కొమ్ముకంటే మండ నయం," అందామె.

కొమ్ముకంటే లావు దుంప మండకు ధర తక్కువని తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. కోడ్ సరిపోయింది.

పేరు విజయశ్రీ. బోధన్ పక్క ఒక క్యాంపులో, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న కుటుంబంలో పుట్టింది. యూరప్‌లో చదివి, ఇప్పుడు గోగునార షెడ్డుకు ఎక్స్‌పోర్ట్ కన్సల్టెంట్. నూనె తెప్పించేది, బయటివాళ్లతో మాట్లాడేది, వీడియోలు తీసేది ఆమే. హెరాన్ ఆమెను కొనుక్కుంది. తర్వాత మన శాఖ ఆమెను మళ్లీ కొనుక్కుంది. రెండుసార్లు అమ్ముడుపోయిన సరుకును రామ్‌దాస్ ఎన్నడూ నమ్మలేదు. కానీ చీఫ్ నమ్మాడు.

"బాంబు డ్రమ్ముల్లో వస్తుందండీ," అంది, పసుపు కొమ్ము ఒకటి విరిచి చూస్తూ. "రిమోట్‌తో పేలుస్తారు. మోసుకొచ్చేది కూలీల్లో ఎవరో ఒకరు. ఎవరో నాకూ తెలియదు."

"ఏం చెయ్యమంటారు?"

"ట్రయల్ రోజు అందరినీ తనిఖీ చేసి లోపలికి పంపండి. ఆ తర్వాత ఇంకేదీ లోపలికి రాకుండా షట్టర్లు దించి తాళం వెయ్యండి. జామర్ పెట్టండి, ఫోన్లు, రిమోట్లు పనిచెయ్యకూడదు. మీరు బయట నాతో ఉండండి. రిమోట్ పట్టుకున్నవాడు ఎక్కడో దగ్గర్లోనే ఉంటాడు. వాణ్ని నేను గుర్తుపడతాను."

"భానుప్రసాద్‌ను ఎవరు చంపిండ్రు?"

ఆమె నల్లద్దాలు తీసింది. కళ్లలో నీళ్లున్నాయి. "నన్ను అడక్కండి," అంది.

కన్నీళ్లు అంత సిద్ధంగా ఉన్న మనిషిని చూసి రామ్‌దాస్‌కు ఒళ్లు మండింది. అయినా మందారం చెప్పినట్టే చెయ్యమని సాయంత్రానికి చీఫ్ నుంచి ఆర్డరు వచ్చింది.

* * *

షెడ్డులో మొదటి రోజే ఈరవ్వ అతన్ని చూసింది. చేతిలో నార పట్టుకునే లేచింది. కొంగు బొడ్లో దోపుకుంది.

"ఓ, మస్కట్ దొర! గిప్పుడా అచ్చేది?"

"అక్కా..."

"ఎవనికిరా అక్క? నీ పెండ్లాం నీ పేరు పిలుసుకుంట పానం ఇడిసింది. గప్పుడు రాలే. గిప్పుడు సెంటు గొట్టుకొని కొలువుకు వచ్చిండంట. గా గడియారం లతకు సూపియ్యి పో."

చుట్టూ ఆడవాళ్లు పని ఆపి వింటున్నారు. ఒకామె నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రామ్‌దాస్ తల దించుకుని స్టోర్ గదిలోకి నడిచాడు.  అప్పుడు ఎక్కడున్నాడో చెప్పే హక్కు అతనికి లేదు.

షెడ్డుకు ఇంజనీరు గోపీచంద్. చెరకు రైతు కొడుకు. నోరు తెరిస్తే నార తప్ప ఇంకో మాట రాదు.

"చూడండి, ఇది గోగునార. ఆ తొట్టిలో నానబెట్టి, కట్టె నుంచి ఒలిచి, ఎండలో ఆరబెట్టి తెస్తాం," అంటూ షెడ్డంతా తిప్పాడు. "ఇక్కడ నూనెలో ముంచుతాం. ముంచాక అసలు నేను స్టాండ్ల మీద పల్చగా పరవమన్నానండీ. ఈ ఆడవాళ్లు వింటారా? కుప్ప పోసి గోనెపట్టాలు కప్పేశారు. తీరా చూస్తే అదే మంచిదైంది. నూనె నారంతా సమంగా పట్టింది. ఇక అదే పద్ధతి ఖాయం చేసేశాం."

రామ్‌దాస్‌కు ఆ కుప్ప కొత్త కాదు. ఈ ఆడవాళ్లంతా కమ్మర్‌పల్లి వైపు పసుపు చేలల్లో పనిచేసి ఇక్కడికి వచ్చినవాళ్లు. పసుపు ఉడికించినవాళ్లు దాన్ని దించగానే ఆరబోయరు. ముందు కుప్ప పోస్తారు, గోనెపట్టాలు కప్పి మగ్గబెడతారు. తల్లి దగ్గర నేర్చుకున్న పని. తడి సరుకు ఏది కనబడినా చేతులు వాటంతటవే కుప్ప పోసి కప్పేస్తాయి.

కుప్ప వెనక గోడవారన నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి.

"అవేంటి?"

"హార్డెనర్ అండీ. రెసిన్ గట్టిపడటానికి. మూత ఉన్నంతసేపు ఏమీ కాదు. కాలిందంటే మాత్రం ఆ పొగ రెండు గుక్కలు చాలు." గోపీచంద్ గొంతు తగ్గించాడు. "ఇక్కడొద్దని నేను మొత్తుకున్నా. చోటు లేదండీ."

నూనె డ్రమ్ములు ఇంకో పక్క ఉన్నాయి. కొత్త సరుకు, ట్రయల్ రోజు నారకు వాడటానికని తెప్పించింది. భానుప్రసాద్ చనిపోయిన వారమే వచ్చింది. రామ్‌దాస్ ప్రతి డ్రమ్ములోనూ పొడవాటి కడ్డీ దించి అడుగుదాకా కెలికాడు. రాత్రి ఎవరూ లేనప్పుడు ఎక్స్‌రే తెప్పించాడు. బాంబు లేదు. తీగ ముక్క లేదు. నూనె. ఉత్త నూనె.

అతను బాంబు కోసం వెతికాడు. కాబట్టి నూనెను చూడలేదు.

* * *

ట్రయల్ రోజు ఏప్రిల్ ఎండకు రేకులు పెనంలా కాలుతున్నాయి. బాంబ్ స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్ రంజిత్ కుక్కతో షెడ్డంతా తిరిగాడు. కుక్క కుప్ప దగ్గర ఆగి, ఒకసారి తుమ్మి, వచ్చేసింది. పేలుడు మందును వాసన పట్టే యంత్రం సున్నా చూపించింది.

"క్లీన్ సార్," అన్నాడు రంజిత్. "చీమ గూడ లేదు."

ఆడవాళ్లు లోపలికి వెళ్లారు. ఈరవ్వ అతని పక్క నుంచి వెళ్తూ, నేలకు చెప్పినట్టు అంది: "మా టిఫిన్ డబ్బలు గూడ మూతలు తీసి సూసిండ్రు. మస్కట్ల గిదే నేర్పిండ్రా దొరా? పోలీసోళ్లకు సలాం గొట్టుడు?"

రక్షణ శాఖ బృందం కూడా లోపలికి వెళ్లింది. రామ్‌దాస్ చెయ్యి ఊపాడు. షట్టర్లు దిగాయి. తాళాలు పడ్డాయి. జామర్ ఆన్. ఫోన్లన్నీ చచ్చిపోయాయి. తాళంచెవులు రంజిత్ నడుముకు.

తన అక్కను లోపల పెట్టి తనే తాళం వేయించాడు. బందోబస్తు బ్రహ్మాండంగా ఉంది.

షెడ్డుకు ఎదురుగా, వేపచెట్టు నీడలో రామ్‌దాస్ కారు ఉంది. పక్క సీట్లో విజయశ్రీ. ముత్యాల రంగు చీర, చల్లటి ఏసీ, ఒళ్లో ఖరీదైన బైనాక్యులర్. షెడ్డు వెంటిలేటర్ల మీదుగా గాలి ఇటే వీస్తోంది. రామ్‌దాస్ ఒకసారి అద్దం దించి చుట్టూ చూశాడు. ఎక్కడో అవిసెలు వేగుతున్న వాసన. వేయించి, ఎండుమిర్చి వేసి దంచితే లత చేసే అవిసెల పొడి. ఆడవాళ్ల టిఫిన్ డబ్బాలై ఉంటాయనుకున్నాడు. అద్దం ఎక్కించాడు.

"అదుగో!" విజయశ్రీ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కాలువ గట్టు మీద. తెల్లచొక్కా. చేతిలో రిమోట్!"

దూరంగా గట్టు మీద ఒకడు చేతిలో ఏదో నొక్కుతున్నాడు. రామ్‌దాస్ సైగ చేశాడు. రంజిత్ మనుషులతో గట్టు మీదికి పరుగెత్తాడు. వాడు చెరకులోకి దూకాడు. వెనకే రంజిత్ కూడా దూకాడు, నడుముకు తాళంచెవులతో సహా. చెరకు ఇద్దరినీ మింగేసింది.

"ఇక భయం లేదండీ," అని నిట్టూర్చింది విజయశ్రీ. తర్వాత మామూలుగా అంది: "కారు కొంచెం అటు తీసి పెడతారా? ఆ దక్షిణం పక్కకి."

"అక్కడ ఎండ మేడం."

"ఫర్వాలేదు. ఇక్కడ చెట్టు జిగురు పడుతోంది."

అతను కారు తీసి ఎండలో పెట్టాడు. ఇంజన్ ఆపలేదు. స్టీరింగ్ మీద చేతులు ఉంచి కూర్చున్నాడు. ఏప్రిల్‌లో, నిజామాబాద్ జిల్లాలో, నీడ వదిలి ఎండలోకి కారు మార్చమన్న మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇక్కడ కుక్క కూడా ఆ పని చెయ్యదు. చెట్టు జిగురుకు భయపడిందా? లేదు. చెట్టుకు, ఈ చోటుకు తేడా నీడ ఒక్కటే కాదు.

మళ్లీ అద్దం దించాడు. అవిసెల వాసన లేదు.

గాలి. ఇప్పుడు కారు గాలికి ఎదురు పక్కన ఉంది. షెడ్డు నుంచి ఏది వచ్చినా చెట్టు కిందికే పోతుంది. ఇటు రాదు.

ఆమెకు పొగ వస్తుందని తెలుసు.

ఆముదం కాల్చినా అవిసెల వాసన రాదు. డ్రమ్ములు మార్చిండ్రు అన్నాడు భానుప్రసాద్. డ్రమ్ముల్లో ఏదో దాచారని కాదు. ఆముదం తీసేసి అవిసె నూనె పోశారు. అంతే. శిక్షణలో చెప్పిన పాఠం ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. పెయింటర్లు అవిసె నూనె తుడిచిన గుడ్డలు మూల కుప్పేసి పోతే ఎవడూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. గాలి తగిలే కొద్దీ ఆ నూనె తనకు తానే వేడెక్కుతుంది. పల్చగా పరిస్తే వేడి పోతుంది. కుప్ప పోసి కప్పితే లోపలే పెరుగుతుంది. ఆముదానికి ఆ గుణం లేదు. అందుకే ఇన్నాళ్లూ కుప్ప ఏమీ కాలేదు.

ఈ ఆడవాళ్లు కుప్ప పోస్తారని, గోనెపట్టాలు కప్పుతారని వీడియో తీసి పంపింది ఎవరు?

రామ్‌దాస్ కారు ఇంజన్ ఆపాడు. జేబులోంచి బేడీలు తీసి ఒకటి ఆమె మణికట్టుకు, ఒకటి స్టీరింగ్‌కు వేశాడు. విజయశ్రీ అరవలేదు. చెయ్యి కదిపి చూసుకుని నవ్వింది.

"ఆలస్యమైందండీ. తాళంచెవులు చెరకులో ఉన్నాయి. ట్రయల్‌లో మొదటి పని ఏమిటో గుర్తుందా? కుప్ప విప్పి నార చూపించడం. లోపల నిప్పు గాలి కోసం కాచుకుని ఉంది. మీ అక్కగారు ఆ పట్టా తియ్యడమే తరువాయి."

అతను అప్పటికే పరుగెడుతున్నాడు.

* * *

షట్టర్ పక్కన ఊచల కిటికీ ఉంది. లోపల, దూరంగా ప్రెస్ మెషిను గర్జిస్తోంది. దాని ముందు అధికారులు, చేతులు ఊపుతూ గోపీచంద్. అతనికి ఏ కేకా వినబడదు. కిటికీకి దగ్గరగా కుప్ప. కుప్ప చుట్టూ ఆడవాళ్లు. ఈరవ్వ చెయ్యి మొదటి గోనెపట్టా మీద ఉంది.

"అక్కా! ముట్టకు!"

ఈరవ్వ తల తిప్పింది. "ఏందిరా నీ లొల్లి?"

"పట్టా తియ్యకు. మంట లేస్తది! అందరు దూరం జరగుండ్రి!"

"ఉడికిన పసుపు లెక్క గరం ఉంది, గంతే. పసుపు కుప్పకు ఎన్నడన్న మంట లేసిందారా? మస్కట్ల ఉండి పసుపు గూడ మర్సినవా?"

"అది ఆముదం గాదక్కా, అవిసె నూనె! నీ కాల్మొక్త, ఇను!"

"నీ మాట ఇనే రోజులు పోయినయ్. సార్లు సూస్తున్నరు, పని జేసుకోనియ్యి."

ఆమె పైపట్టా లాగేసింది. కుప్పలోంచి తెల్లటి ఆవిరి లేచింది. ఆడవాళ్లకు అది ఆవిరి. రామ్‌దాస్‌కు అది పొగ. కింద ఇంకో పట్టా మిగిలింది. ఈరవ్వ దాని అంచు పట్టుకుంది.

రామ్‌దాస్ షట్టర్‌ను భుజంతో గుద్దాడు. రేకు మోగింది, అంతే. పిస్తోలు ఉంది. తాళం మీద కాలిస్తే గుండు రేకు చీల్చుకుని లోపలి మనుషులకే తగులుతుంది. నిజం చెప్పాడు, నమ్మలేదు. బతిమాలాడు, వినలేదు. ఆమె ఈ కుప్ప వదిలి ఇటు రావాలి. ఇప్పుడే రావాలి. ఆమెను అంత పని వదిలించి రప్పించే మాట లోకంలో ఒక్కటే ఉంది. అది అంటే తనకు మళ్లీ అక్క మిగలదు.

అతను అన్నాడు. గొంతు చించుకుని, అందరికీ వినబడేలా అన్నాడు.

"లతను సంపింది నువ్వే! మందులు ఇయ్యలే, నీళ్లు పొయ్యలే, ఎండగొట్టి సంపినవ్! ఊరంత జెప్పింది నాకు! గందుకే నీ మొఖం సూడనీకె రాలే!"



ఈరవ్వ చేతిలోంచి పట్టా అంచు జారింది. ఆమె ముఖంలో రక్తం లేదు. నార కోసే కొడవలి నడుములోంచి తీసింది. కుప్ప వదిలింది. నడిచి రాలేదు. ఉరికి వచ్చింది. మిగతా ఆడవాళ్లు కూడా, "అవ్వో, ఆగే ఈరవ్వా!" అంటూ కుప్ప వదిలి ఆమె వెనక పడ్డారు.

"నేనా? నేను సంపిన్నా?" ఊచల్లోంచి చెయ్యి పెట్టి అతని గల్లా పట్టింది. "పసిపిల్ల లెక్క ఎత్తుకొని స్నానం జేపిచ్చినరా! నా సేతుల పానం పోయిందిరా! నీ నాలుక..."

కొడవలి ఊచల మధ్య నుంచి వచ్చి అతని ముంజేయి చీల్చింది. అతను వెనక్కి జరగలేదు. రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వదిలితే కుప్ప దగ్గరికి పోతుంది. పట్టుకున్నంతసేపు బతుకుతుంది. ఆమె అతని చెంప మీద కొట్టింది, జుట్టు పీకింది, ఉమ్మేసింది. అతను పట్టుకునే ఉన్నాడు.

వెనక నుంచి బూట్ల చప్పుడు వినబడింది. చెరకాకులు గీరుకుపోయిన ముఖంతో రంజిత్.

"వాడు దొరికిండు సార్! చేతిల ఉన్నది టీవీ రిమోట్..."

"తాళం తియ్! షట్టర్ లేపు! అందర్ని బయటికి తోలు!"

షట్టర్ సగం లేచేసరికి కుప్ప తనే నోరు తెరిచింది. పైపట్టా తీసిన చోట పొగ నల్లబడింది. ఎర్రటి నాలుక ఒకటి బయటికి వచ్చి వెనక గోడ వైపు వంగింది. మొదటి నీలం డ్రమ్ము మీద రంగు బుడగలుగా లేచింది.

ఆడవాళ్లు, అధికారులు ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ బయటికి వచ్చారు. రామ్‌దాస్ వంగి లోపలికి దూరాడు. నార నానబెట్టే తొట్టి దగ్గర మోటరు ఉంది. పైపు లాగాడు. స్విచ్ ఎక్కడుందో తెలియదు.

"కుడిపక్క! కుడిపక్క డబ్బాలో!" గోపీచంద్ దగ్గుతూ వెనకే వచ్చాడు. ఒక దెబ్బతో స్విచ్ వేశాడు.

పైపు ఉబ్బింది. మురికి నీళ్లు, నాచు, కుళ్లిన గోగుకట్టె కంపు, అన్నీ కలిసి కుప్ప మీద పడ్డాయి. ముందు డ్రమ్ము మీద, తర్వాత కుప్ప మీద. పట్టా తియ్యకుండా పట్టా మీదే కొట్టాడు. కుప్ప బుసకొట్టింది, మూలిగింది, లోపల ఎక్కడో చిటపటలాడింది. డ్రమ్ము అంచు దగ్గర మంట ఒకసారి లేచి, తడిసి, ఆరిపోయింది. మూత పగలలేదు.

తర్వాత గడ్డపారతో కుప్పను పొరలు పొరలుగా విప్పారు. నడిమధ్య నార బొగ్గయిపోయింది. ఇంకా కాలుతున్న ఆ బొగ్గును చూసి గోపీచంద్ నేల మీద కూలబడ్డాడు.

"నేనే కదండీ ఖాయం చేసింది ఈ పద్ధతి," అన్నాడు.



* * *

విజయశ్రీని కారులోంచి దించేసరికి చీర చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. పెదవులు ఎండిపోయాయి. "నీళ్లు," అంది. కారు ఎండలో పెట్టమన్నది ఆమే అని రంజిత్‌కు చెప్పాడు రామ్‌దాస్. నీళ్లు మాత్రం ఇప్పించాడు. భానుప్రసాద్‌ను చంపినవాళ్ల పేర్లు చెప్పడానికి ఆమెకు గొంతు తడి ఉండాలి. రాత్రి కాకముందే చెప్పింది. మూడోసారి అమ్ముడుపోవడానికి ఎక్కువ బేరం ఆడలేదు.

ఈరవ్వ కాలువ గట్టు మీద కూర్చుని ఉంది. కొడవలి పక్కన పెట్టుకుంది. రామ్‌దాస్ చేతికి గుడ్డ కట్టుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"అక్కా. నువ్వు కుప్ప ఇడిసి రావాలెనని అన్న. గది అబద్ధం."

"అబద్ధమని నాకెర్కలేదా?" ఆమె నీళ్ల వైపే చూస్తోంది. "లతకు ఏం జేసిన్నో నాకెర్కే. నువ్వు మస్కట్ పోలేదని గూడ ఇయ్యాల ఎర్కైంది. పోలీసోళ్లు నీకు సలాం గొడుతుండ్రు. బతికిచ్చినవ్ అంటుండ్రు అందరు. మంచిదే."

"మరి..."

"బతికిచ్చినవ్. సరే. గని గా మాట నీ నోట్లె నుంచి ఎట్ల అచ్చిందిరా? వెతుక్కోకుంట, తడుముకోకుంట, తయారున్నట్టు అచ్చింది. ఎన్నిదినాల సంది పెట్టుకున్నవ్ లోపట?"

 అది తన పని అని, అబద్ధం అల్లడమే తన కొలువని, ఎవరికి ఏ మాట తగులుతుందో వెతికి పెట్టుకోవడం తప్ప ఇంకేమీ రాదని చెప్పాలి. చెప్పినా ఆమె నమ్మదు. నమ్మినా క్షమించదు. ఆమె స్థానంలో ఉంటే తనూ క్షమించడు.

ఈరవ్వ లేచింది. కొడవలి నడుములో దోపుకుని షెడ్డు వైపు నడిచింది. లోపల తడిసిన నారను స్టాండ్ల మీద పల్చగా పరుస్తున్నారు. ఆమె వెళ్లి ఒక పక్క పట్టుకుంది. పని చేస్తూనే గోపీచంద్‌ను పిలిచి ఏదో చెప్పింది. గోపీచంద్ రామ్‌దాస్ వైపు చూశాడు. తల గోక్కున్నాడు. తర్వాత ఇబ్బందిగా ఇటు నడిచి వచ్చాడు.

సాయంత్రం జామర్ తీసేశాక చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్ రామ్‌దాస్. నూనె మార్చిన సంగతి తేలాక బృందం పలకను ఓకే చేసేసింది. కానీ హెరాన్ ఊరుకోదు. నువ్వు అదే స్టోర్ సూపర్‌వైజర్‌గా ఇంకో ఆరు నెలలు అక్కడే ఉండు."

"కుదరదు సార్. పనిలోంచి తీసేసిండ్రు."

"ఏంటీ? ఈ ఆపరేషన్ మీద ఢిల్లీ సంతకం ఉంది. నిన్ను తీసేసే అధికారం ఎవరికుందయ్యా?"

"మా అక్కకు, సార్."